సున్నానికీ అలుపుంటుంది

మా అత్తగారి పిత్తాశయంలో రాళ్ళున్నాయని డాక్టరు చెప్పిన రోజున ఇంటిల్లిపాదీ ముందుగా సున్నాన్ని పట్టుకున్నాం. "రోజుకి ఎనిమిది తాంబూలాలు! అంత సున్నం లోపలికి పోతే రాళ్ళు కాక రత్నాలవుతాయా?" అన్నారు మావారు. అత్తగారు తొణకలేదు. "రాళ్ళ సీమలో పుట్టినదాన్ని. పుట్టింటి నుంచి సారె వచ్చిందనుకోండి," అన్నారు.

ఆవిడ పుట్టిల్లు పిడుగురాళ్ళ దగ్గర ఒక పల్నాటి పల్లె. చుట్టూ సున్నపురాయి, ఊరి బయట సున్నపు బట్టీలు. పెళ్ళినాటి ఇత్తడి సున్నపుకాయ ఒకటి ఆవిడ బొడ్డున ఎప్పుడూ ఉంటుంది. ఎల్.బి.నగర్‌లో ఆసుపత్రిలో చేర్పించినప్పుడు గాజులూ గొలుసూ తీసివ్వమంటే మారుమాట లేకుండా ఇచ్చేశారు గానీ, ఆ సున్నపుకాయ ఇవ్వడానికి మాత్రం నర్సుతో పావుగంట వాదించారు. చివరికి అది నా హ్యాండ్‌బ్యాగులోకి చేరింది.

పిత్తాశయంలో రాళ్ళు చాలామందిలో కొలెస్ట్రాల్‌తో ఏర్పడతాయట. తాంబూలంలో సున్నానికీ వాటికీ సంబంధం లేదని డాక్టరుగారు తేల్చేశారు. అలా సున్నం నిర్దోషిగా బయటపడింది. అంతటితో ఆ సంగతి మర్చిపోయేదాన్నే. కానీ ఆ గంటన్నర సేపూ మా అత్తగారి ఊపిరికి కాపలా కాసింది కూడా సున్నమేనని మా అక్క కూతురు చెప్పేసరికి ఆశ్చర్యపోయాను.

మా అక్క కూతురు ఉస్మానియాలో చదువుకుని మత్తు డాక్టరు అయింది. ఆ రోజు మత్తు ఇచ్చింది తనే. ఆపరేషన్ అయ్యాక బయటికి వచ్చి, "అమ్మమ్మగారు బాగున్నారు పిన్నీ," అని, నా కళ్ళలో నీళ్ళు చూసి, మాట మళ్ళించడానికి కాబోలు, ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. గాజులాంటి డబ్బా, దాన్నిండా గుళికలు. కింద తెల్లగా, పైన లేత ఊదారంగు. అచ్చం సగ్గుబియ్యం వడియాల్లా ఉన్నాయి.

"ఇదేమిటే?"

"సున్నం పిన్నీ. అమ్మమ్మగారి సున్నమే. కాకపోతే మా మిషన్‌కి వేసిన తాంబూలం ఇది."

సంగతి ఇదీ. మత్తులో ఉన్న మనిషి వదిలిన ఊపిరిని ఆ యంత్రం బయటికి పారబోయదు. అందులో ఖరీదైన మత్తుమందు ఉంటుంది, వెచ్చదనం, తడి ఉంటాయి. అంచేత దాన్నే తిప్పి మళ్ళీ మనిషికి ఇస్తుంది. కానీ ఆ ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు కూడా ఉంటుంది కదా! దుప్పటి నిండా ముసుగుతన్ని పడుకుంటే కాసేపటికి ఎలా ఉక్కిరిబిక్కిరవుతామో మనకందరికీ తెలుసు. కదలకుండా పడుకున్న పెద్దమనిషి నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్ల బొగ్గుపులుసు వాయువు వదులుతాడు. గంటన్నరకి 18 లీటర్లన్నమాట. పైగా ఇలాంటి ఆపరేషన్లలో పొట్ట ఉబ్బించడానికి నింపేది కూడా ఆ వాయువే. అందులో కొంత నెత్తురులో కలిసి ఊపిరిలోకే వస్తుంది. ఇదంతా పట్టుకునేది ఆ డబ్బాలో సున్నం. పట్టుకుంటున్నంతసేపూ డబ్బా వేడెక్కుతుంది. ఓపిక అయిపోయిన గుళిక ఊదారంగుకి తిరుగుతుంది.

"ఒక్కటే చిక్కు పిన్నీ," అంది మా పిల్ల. "ఊదారంగుకి తిరిగిన గుళికల్ని రాత్రంతా ఊరికే వదిలేస్తే పొద్దున్నకి మళ్ళీ తెల్లగా కనిపిస్తాయి. బాగున్నాయి కదా అని వాడామా, కాసేపట్లోనే చతికిలబడతాయి. చూడ్డానికి తెల్లన, లోపల సత్తువ లేదు."

రోజంతా చాకిరీ చేసి, తెల్లారేసరికి తలదువ్వుకుని బొట్టుపెట్టుకుని మళ్ళీ వంటింట్లో నిలబడే మనకి ఆ గుళికల సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదనుకుంటాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇల్లు, ఎల్.బి.నగర్‌లో ఆసుపత్రి. మధ్యలో మెట్రోలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే వచ్చేస్తుంది. నాలుగు రోజులు క్యారియరు పట్టుకుని తిరుగుతూ దారిపొడుగునా ఈ సున్నం గురించే చదివాను. బి.ఏ. చదువుకున్నదాన్ని, రసాయన శాస్త్రం నాకు ఆమడ దూరం. అయినా నవలలు రాసేదాన్ని కనుక చరిత్రలో మనుషులు దొరికితే వదలను.

మొదట దొరికినవాడు జోసెఫ్ బ్లాక్. స్కాట్లండులో ఎడింబరో వైద్య విద్యార్థి. మూత్రకోశంలో రాళ్ళని కరిగించే మందు కోసం వెతుకుతూ సున్నం జోలికి వెళ్ళాడు. చూశారా, మళ్ళీ రాళ్ళే, మళ్ళీ సున్నమే! 1754లో థీసిస్ సమర్పించి, 1756లో తన ప్రయోగాలు అచ్చు వేయించాడు. సున్నపురాయిని కాలిస్తే అందులోంచి ఒక గాలి బయటికి పోతుందనీ, అందుకే రాయి తేలికవుతుందనీ తూచి మరీ చూపించాడు. ఆ గాలి మళ్ళీ తగిలితే సున్నం తిరిగి రాయవుతుంది. మన ఊపిరిలో ఉన్నదీ అదే గాలి అని సున్నపు తేటలోకి ఊది నిరూపించాడు. బళ్ళో మన చేత గొట్టంతో సున్నపు తేటలోకి ఊదించి, అది పాలలా విరిగితే చప్పట్లు కొట్టించిన సైన్సు మాస్టారికి మూలపురుషుడు ఈయనే.

లెక్క సులువే. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని తొమ్మిది వందల డిగ్రీల వేడిలో కాలిస్తే 56 కిలోల సున్నం చేతికి వస్తుంది. తక్కిన 44 కిలోలు గాలిలో కలిసిపోతుంది. బొగ్గు మండిన పొగ దీనికి అదనం.

ఇది చదివి వినిపిస్తే అత్తగారు మంచంమీద నుంచే, "ఆ గాలి సంగతి మా నాన్నకి తెలుసు," అన్నారు. చలికాలం రాత్రులు బట్టీ పక్కన వెచ్చగా ఉంటుందని కూలివాళ్ళు పడుకోబోతే ఆయన కర్ర పట్టుకుని లేపేవారట. "అక్కడ పడుకున్నవాడు లేవడమ్మాయ్, గాలి కమ్మేస్తుంది," అన్నారావిడ. బ్లాక్ దొరగారి పేరు వినకపోయినా ఆ గాలి పడగ విప్పే చోటు వాళ్ళకి తెలుసు.

ఆపరేషన్ గదికి వస్తాను. ఇక్కడ మన హైదరాబాదు ఒక పెద్దమ్మగారిని తలుచుకోవాలి. డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్సీ ఆడపడుచు. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన తొలి విద్యార్థినులలో ఒకరు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలని ఆవిడకి పేరు. ఆ రోజుల్లో ఆ స్కూలుకి ప్రిన్సిపాలు ఎడ్వర్డ్ లారీ అనే దొర. క్లోరోఫారం వల్ల ప్రాణాలు పోయేది గుండె ఆగా, ఊపిరి ఆగా అన్న తగువు తీర్చడానికి ఆయన పట్టుపట్టగా, 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు కమిషన్లు హైదరాబాదులోనే కూర్చున్నాయి. ఖర్చు నిజాం ప్రభువుది. ప్రపంచంలోని వైద్య పత్రికలన్నీ మన ఊరివైపు చూశాయి.

అప్పట్లో మత్తంటే గుడ్డమీద క్లోరోఫారం చుక్కలు వేసి ముక్కు దగ్గర పట్టడమే. రోగి వదిలిన ఊపిరి గదిలో కలిసిపోయేది. సున్నంతో పనే లేదు. కానీ ఎంత మందు లోపలికి పోతోందో, ఎంత వృథా అవుతోందో చెప్పడం కష్టం. రూపాబాయికి ఈ పనికి వైద్యం ఒక్కటే చాలదు, భౌతిక, రసాయన శాస్త్రాలు కూడా కావాలని తోచింది. 1909లో ఎడింబరో వెళ్ళి ఆ రెండూ చదివారు. నూట యాభై ఏళ్ళ క్రితం బ్లాక్ సున్నం తూచిన ఊళ్ళోనే! తిరిగి వచ్చి 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా పదవీవిరమణ చేశారు. చాదర్‌ఘాట్ అంటే మాకు ఎంతో దూరం కాదు. ఆ వంతెన మీద ఎన్నిసార్లు బస్సులో వెళ్ళానో, ఒక్కసారీ ఆవిడ పేరు నాకు తెలియదు. సిగ్గనిపించింది.

ఊపిరిని తిప్పి వాడుకుందామన్న ఊహ మాత్రం పాతదే. లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు 1850 ప్రాంతంలోనే ఘాటైన క్షారంతో బొగ్గుపులుసు వాయువుని పట్టి చూశాడు. అది ఎక్కువమంది అందుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల ముసుగుల కోసం సున్నమూ కాస్టిక్ సోడా కలిపిన గుళికలు బాగుపడ్డాయి. సోడా లైం అంటారు వాటిని. 1924లో అమెరికాలో రాల్ఫ్ వాటర్స్ అనే మత్తు డాక్టరు ఆ గుళికల్ని ఒక డబ్బాలో పోసి రోగి ముఖం దగ్గరే బిగించి, ఆ పద్ధతిని లోకానికి ప్రకటించాడు.

సున్నం అంత తేలిగ్గా మాట వినలేదు సుమండీ. బొత్తిగా పొడిగా ఉంటే గాలిని సరిగా పట్టదు. ఎక్కువ తడిస్తే ముద్దయి గాలి దూరదు. జంతికల పిండి తంటాయే అనుకోండి. నూటికి పదిహేను పాళ్ళు నీళ్ళు, నాలుగైదు పాళ్ళు కాస్టిక్ సోడా, మిగతాది తడిసున్నం, ఇదీ కుదిరిన పాళ్ళు. వాయువు ముందు నీళ్ళలో కరుగుతుంది, సోడా దాన్ని చప్పున పట్టి సున్నానికి అప్పగిస్తుంది, మళ్ళీ తను ఖాళీ అయి ఇంకో విడతకి సిద్ధపడుతుంది. పెళ్ళిళ్ళ పేరయ్యలా మధ్యవర్తిత్వమే దాని పని. గుళికలు నలిగి దుమ్మయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అంచేత గట్టిపడడానికి సిలికా కలిపేవారు.

1953లో ఈ సున్నం ఎవరెస్టు కూడా ఎక్కబోయింది. మే 26న బూర్డిలాన్, ఎవాన్స్ అనే ఇద్దరు ఇలా ఊపిరిని తిప్పి వాడుకునే పరికరాలతోనే బయల్దేరి, శిఖరానికి దాదాపు మూడు వందల అడుగుల దిగువ దాకా వెళ్ళారు. దారిలో సున్నం డబ్బా మార్చిన తర్వాత ఎవాన్స్ పరికరం మొరాయించింది. వెనక్కి తిరిగారు. మూడు రోజుల తర్వాత టెన్సింగ్, హిల్లరీ మామూలు పద్ధతి ఆక్సిజన్‌తో శిఖరం చేరి చరిత్రకెక్కారు.

మధ్యవర్తి చేసిన చెడుపు కూడా చెప్పాలి. 1940లలో ట్రైక్లోరోఎథిలీన్ అనే మత్తుమందు ఘాటైన క్షారంతో తగువుపడి విషవాయువు పుట్టించింది. కొందరికి ముఖంలో నరాలు చచ్చుబడ్డాయి. 1990లలో ఇంకో చిత్రం బయటపడింది. శనివారం యంత్రం కట్టకుండా మరిచిపోతే ఆదివారమంతా పొడి గాలి ఆడి గుళికలు ఎండిపోయేవి. సోమవారం ఉదయం మొదటి రోగికి ఇచ్చిన కొత్తరకం మత్తుమందు ఆ ఎండిన క్షారానికి తగిలి కార్బన్ మోనాక్సైడ్ అయ్యేది. అంటే బట్టీ పక్కన పడుకున్నవాణ్ణి కమ్మే విషమే! ఎక్కడి పల్నాటి బట్టీ, ఎక్కడి ఆపరేషన్ గది!

అప్పుడు ఉత్తర ఐర్లండులో బెల్‌ఫాస్ట్ డాక్టర్లు ఆ మధ్యవర్తిని పూర్తిగా ఇంట్లోంచి పంపేశారు. 1999లో వాళ్ళు ప్రకటించిన గుళికల్లో కాస్టిక్ సోడా లేదు, పొటాష్ లేదు. సున్నానికి తోడు కాల్షియం క్లోరైడ్ చేర్చారు. వానాకాలం ఉప్పు జాడీ చెమర్చినట్టు అది తడిని పట్టి ఉంచుతుంది. పట్టే సత్తువ కాస్త తగ్గింది, ఖర్చు పెరిగింది, కానీ విషం పుట్టడం పోయింది. ఆపరేషన్ బల్ల మీద మన మనిషి ఉన్నప్పుడు ఆ బేరం మనకి సమ్మతమే కదా.

మా పిల్లని ఒకటడిగాను. "ఇంత చక్కగా పట్టుకుంటుంటే, ఈ సున్నాన్ని కార్ఖానా పొగగొట్టాలకి కట్టకూడదటే?"

"కడుతున్నారు పిన్నీ. అక్కడా ఇదే గొడవ. సున్నం అలిసిపోతుంది," అంది.

నాలుగో రోజు సాయంత్రం ఆసుపత్రి కిటికీలోంచి కింద విజయవాడ రోడ్డు చూస్తూ నిలబడ్డాను. వరసగా లారీలు. మఠంపల్లి, హుజూర్‌నగర్, వాడపల్లి వైపు నుంచి సిమెంటు, పిడుగురాళ్ళ నుంచి సున్నం, అన్నీ నార్కెట్‌పల్లి మీదుగా ఈ ఎల్.బి.నగర్ చౌరస్తాకే రావాలి. ఫ్లైఓవర్లు, మెట్రో స్తంభాలు, మా అపార్టుమెంట్లు, అన్నింటికీ మూలం కాల్చిన సున్నపురాయే. ఏటా మనుషులు గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్ళు ఒక్క సిమెంటు వాటా. అందులోనూ సగానికి పైగా బొగ్గుది కాదు, రాయిలోంచి లేచిపోయిన ఆ 44 కిలోలది. నాకు ఆ లారీల వెనకాల కనపడని లారీలు ఇంకో వరస నడుస్తున్నట్టనిపించింది.

న్యాయంగా చెప్పాలంటే గోడలు కొంత తిరిగి తీసుకుంటాయి. 1591లో చార్మినారుకి వేసిన డంగు సున్నం గట్టిపడింది అలా గాలిని పట్టుకునే. 1930 నుంచి 2013 దాకా సిమెంటు రాయిలోంచి పోయిన వాయువులో సుమారు 43 శాతాన్ని ప్రపంచంలోని గోడలూ రోడ్లూ మెల్లగా వెనక్కి పీల్చుకున్నాయని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. మిగతాది మాత్రం పైనే ఉంది.

పొగగొట్టాల దగ్గర చేసే పని ఇలా ఉంటుంది. ఆరు వందల యాభై డిగ్రీల వేడిలో సున్నం పొగలోని బొగ్గుపులుసు వాయువుని పట్టి సున్నపురాయి అవుతుంది. దాన్ని ఇంకో పాత్రలోకి పంపి తొమ్మిది వందలు దాటించి కాలిస్తే ఆ వాయువు విడిగా, శుభ్రంగా వస్తుంది. సున్నం మళ్ళీ మొదటి పాత్రకి. 1999లో జపాన్‌లో షిమిజూ బృందం ఇలా రెండు పాత్రల పద్ధతి సూచించింది. 2010 తర్వాత స్పెయిన్‌లో లా పెరెడా దగ్గర ఒక విద్యుత్కేంద్రం పొగతో నమూనా యంత్రం నడిపితే తొంభై శాతం దాకా పట్టింది.

కానీ అలుపు! 1973లోనే బార్కర్ అనే ఆయన పదే పదే కాల్చి చూసి, ప్రతి విడతకీ సున్నం పట్టే శక్తి తగ్గిపోతోందని రాశాడు. మామూలు సున్నపురాయి అయితే ఇరవై విడతలయ్యేసరికి అయిదో వంతు సత్తువ కూడా మిగలదు. ఎంచేతంటే దాని బలమంతా లోపలి సన్నటి రంధ్రాల్లో ఉంది. వేడికి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. దూది పరుపు ఏళ్ళ తరబడి వాడితే అణిగి చెక్కయిపోయినట్టు.

పరుపైతే మనం ఏం చేస్తాం? విప్పి, దూది ఏకించి, మళ్ళీ నింపిస్తాం. వాళ్ళూ అదే చేశారు. అలిసిన సున్నానికి ఆవిరి పట్టిస్తే అది పొంగి పగిలి కొత్త రంధ్రాలు తెరుచుకుంటాయి. ఇంకో ఉపాయం, అతుక్కోకుండా మధ్యలో పని చెయ్యనివాళ్ళని కూర్చోబెట్టడం! డోలమైటు రాతిలో సున్నంతో పాటు మెగ్నీషియం ఉంటుంది. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం ఖమ్మం జిల్లా మాదారంలో తవ్విన రాయి అదే. ఆ వేడిలో మెగ్నీషియం వాయువుని పట్టదు, కరగదు, ఊరికే అడ్డంగా నిలబడుతుంది. అలా నిలబడడమే దాని ఉపకారం. అల్యూమినియం కలిపిన సిమెంటు జాతి పదార్థాలతోనూ ఇలాగే చేస్తున్నారు. అయితే కలిపినకొద్దీ ఖర్చు పెరుగుతుంది, సున్నం పాలు తగ్గుతుంది. సున్నపురాయికి ఉన్న గొప్ప గుణం చవక. దానికి పట్టుచీర కట్టి కూర్చోబెడితే ఆ గుణం పోతుంది. ఎలాగూ అలిసిన సున్నం సిమెంటు తయారీకి పనికొస్తుంది కనుక, సిమెంటు కార్ఖానా పక్కనే ఈ పని పెట్టుకుంటే మేలన్న వాదన నాకు నచ్చింది. వంటింట్లో ఏదీ పారెయ్యనివాళ్ళం కదా!

2023 నవంబరులో అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ట్రేసీ ఊళ్ళో ఒక కంపెనీ పొగగొట్టం కూడా లేకుండా, ఉత్త గాలి నుంచే పట్టడం మొదలుపెట్టింది. తడిసున్నం పొడిని పళ్ళాల్లో పల్చగా పరిచి, అంతస్తులు అంతస్తులుగా పేర్చి మూడు రోజులు గాలికి ఉంచుతారు. మేడమీద వడియాలు పెట్టినట్టే!

అయితే సున్నాన్ని మళ్ళీ కాల్చడానికి మంట కావాలి. ఆ మంట బొగ్గుదే అయితే దాని పొగనీ పట్టాలి, లేకపోతే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. పట్టిన వాయువుని ఎక్కడ దాచాలన్నది ఇంకో ప్రశ్న. ఎల్.బి.నగర్‌కి ఎంతో దూరంలో లేని ఉప్పల్‌లో ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులు దక్కను నల్లరాతి పొరల్లో దాచగలమా అని పరిశోధించారు. ఐస్‌లాండులో 2012లో అలాంటి నల్లరాతి పొరల్లోకే నీళ్ళతో కలిపి పంపితే, రెండేళ్ళు తిరక్కుండానే చాలా భాగం గట్టిపడింది. నల్లరాతిలోని కాల్షియంతో కలిసి అది ఏమైందనుకున్నారు? సున్నపురాయిజాతి ఖనిజమే!

ఇవన్నీ అత్తగారికి చెప్తూనే ఇంటికి తీసుకొచ్చాను. డాక్టరు ఒప్పుకోవాలి కనుక తాంబూలం పదో రోజుకి గానీ దొరకలేదు. భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, "అమ్మాయ్, నా సున్నపుకాయ," అని చెయ్యి చాపారు.

హ్యాండ్‌బ్యాగు అడుగున ఉంది. ఏ మందుల చీటీ తీసేటప్పుడో మూత వదులైనట్టుంది. తెరిచి చూస్తే వెన్నలా ఉండాల్సిన సున్నం పైన తెల్లటి పెచ్చు కట్టింది. గోటితో కొడితే టక్కుమంది. ఈ పది రోజులూ మా ఇంటి గాలినీ, ఆసుపత్రి వరండా గాలినీ, కిక్కిరిసిన మెట్రోలో నా చుట్టూ ఉన్న వాళ్ళందరి ఊపిరినీ కాస్త కాస్త పట్టుకుని, పైపైన రాయి అయి కూర్చుంది.

"పాడైపోయింది అత్తయ్యా," అన్నాను నొచ్చుకుంటూ.

"పాడేముంది, నీకన్నీ తొందరే," అని ఆవిడ పిన్నీసుతో పెచ్చు ఊడదీసి పక్కన పెట్టారు. కింద సున్నం మెత్తగానే ఉంది. నాలుగు చుక్కలు నీళ్ళు వేసి కలిపి, ఆకుకి రాసుకుని, ఈసారి మూత తన చేత్తోనే గట్టిగా బిగించి బొడ్డున దోపుకున్నారు.